0.25 శాతం అంటన్నారు, మరి మీ ఇంట్లో నెల ఖర్చు తగ్గిందా?

బ్రాడీపేట_బాబ్జీ
పేపర్లో చూశా, ఈ 2025 అక్టోబర్ నెలకి ధరల పెరుగుదల 0.25 శాతమేనంట, 2012 ఆధారంగా లెక్కగట్టే పద్ధతి మొదలెట్టాక ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదంట. చదివి నవ్వాలో ఏడవాలో తెలీలా. ఓనరు అద్దె 11 వేల నుంచి 13 చేశాడు, పిల్లోడి స్కూల్ వాళ్ళు ఫీజు కాక బస్సుకి, పుస్తకాలకి వేరే గుంజారు, నాన్న బీపీ షుగర్ మందులు సరేసరి. జీఎస్టీ తగ్గించాం, గ్యాస్ ఫ్రీ, ఆడాళ్ళకి బస్సు ఫ్రీ, పన్నెండు లక్షల దాకా ట్యాక్స్ లేదు అని అందరూ చెప్తానే ఉన్నారు గదా, మరి ఇన్ని చేసినా మా ఇంట్లో పదో తారీకుకే అకౌంట్ ఎందుకు ఖాళీ అవుతోంది? పార్టీల గోల వద్దు, ఎవరింటి లెక్క వాళ్ళు చెప్పండి.

పటమట_పద్మజ
కూరగాయలు తగ్గిన మాట నిజమేనండీ, కాదంటే కళ్ళు పోతాయి. పోయినేడు ఇదే టైముకి టమాటా ఉల్లి కొనాలంటే భయమేసేది. కందిపప్పు పోయినేడు జూలైలో బయట 180 ఉంటే రైతుబజార్లలో కౌంటర్లు పెట్టి 160కి ఇచ్చారు, తర్వాత 150 చేశారు. ఇప్పుడు ఏ కౌంటరూ లేకుండా బయటే అంతకన్నా తక్కువకి దొరుకుతోంది. మా ఇంట్లో కూరల ఖర్చు తగ్గింది, మిగతావన్నీ తగ్గలా.

కృష్ణలంక_కుర్రోడు
0.25 అంటే పాత లోన్ యాప్ వడ్డీ అనుకున్నా రోజుకి

ఈఎంఐ_వీరుడు
^ హహ, ఆ యాప్ పేరు ఇక్కడ చెప్పకు, రేపు మన కాంటాక్ట్స్ అందరికీ ఫోన్లొస్తాయి

లెక్కల_మాస్టారు
బాబ్జీ గారూ, ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది మీ ఇంటి అంకె కాదు. మొదటి సంగతి, 0.25 అంటే ధరలు తగ్గాయని కాదు, పోయినేడు అక్టోబర్ మీద సగటున ఇంతే పెరిగాయని. పోయినేడు అక్టోబర్లో ఆ పెరుగుదల 6.21 శాతం. అంత ఎత్తు మీద నిలబడి ఇంకో పావు శాతం ఎక్కాం, కిందకి దిగలా. రెండోది, ధరలు కొలిచే ఈ సూచీలో తిండి పదార్థాల బరువు, అంటే లెక్కలో వాటికిచ్చే వాటా, దాదాపు 46 శాతం. కూరగాయల ధరలు ఏడాదిలో 27 శాతం పైన పడిపోయాయి, ఆ దెబ్బకి మొత్తం అంకె కిందకొచ్చింది. మూడోది అసలైంది. ఆ బరువులన్నీ 2011-12లో ఇంటింటికీ తిరిగి అడిగిన సర్వేవి. అప్పుడు జనం ఖర్చులో దాదాపు సగం తిండికి పెట్టేవాళ్ళు. ఇప్పుడు మీరు తిండికి ఎంత పెడుతున్నారు, అద్దెకీ చదువుకీ ఆసుపత్రికీ ఎంత పెడుతున్నారు? సూచీలో చదువు బరువు ఐదు శాతం కూడా లేదు. మీ జీతంలో మీవాడి ఫీజు ఎంత శాతమో చూసుకోండి, తేడా అక్కడే దొరుకుతుంది. 2026లో 2024 ఆధారంగా కొత్త సిరీస్ తెస్తామన్నారు, అప్పుడు కొంత దగ్గరపడొచ్చు.

బ్రాడీపేట_బాబ్జీ
ఫీజు, బస్సు, ట్యూషన్ అన్నీ కలిపితే మా ఆదాయంలో ఐదో వంతు మాస్టారూ. తిండి కూడా అంతకి కాస్త ఎక్కువంతే.

వన్‌టౌన్_కిరాణా
కొట్లో కూర్చునేవాడిగా ఒక మాట చెప్తా. జీఎస్టీ సంగతి జనానికి సగమే తెలుసు. సెప్టెంబర్ 22 నుంచి సబ్బు, షాంపూ, పేస్టు, బిస్కెట్టు 18 నుంచి 5కి దిగాయి, నెయ్యి వెన్న 12 నుంచి 5కి వచ్చాయి, పనీర్‌కి అసలు లేదు. మొదటి పది రోజులు నరకం చూశా, షెల్ఫులో పాత ఎమ్మార్పీ సరుకు, కస్టమరేమో ఫోన్లో వార్త చూపించి తగ్గించమంటాడు. పెద్ద సబ్బుల ప్యాకెట్లు, లీటర్ షాంపూలు తగ్గాయి, కనబడుద్ది. ఐదు రూపాయల బిస్కెట్ మాత్రం నాలుగున్నర అవ్వదుగా, ఐదుకే ఉంచి లోపల గ్రాములు పెంచుతాం అంటారు. పెంచారో లేదో ఎవడు తూకం వేస్తాడు?
ఇంక బియ్యం. 2022 జూలై 18న లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం, పిండి లాంటి వాటి మీద 5 శాతం జీఎస్టీ వేశారు, 25 కేజీల దాకా ఉన్న బస్తాలకే. వెంటనే మిల్లులోళ్ళు 26 కేజీల బస్తా తెచ్చారు. అప్పట్నుంచి మన ఊళ్ళో ఎవరింటికెళ్ళినా 26 కేజీల బస్తానే. పెద్ద కుటుంబానికి ట్యాక్స్ లేదు, ఐదు కేజీల ప్యాకెట్ కొనుక్కునే ఒంటరి ముసలావిడ మాత్రం ట్యాక్స్ కట్టుద్ది. మొన్న అన్ని రేట్లు మార్చినా ఈ ముక్క ముట్టుకోలా.

కృష్ణలంక_కుర్రోడు
ఓహో ఆ 26 కథ ఇదా, నేను ఇన్నాళ్ళూ మిల్లోడు ఒక కేజీ ఫ్రీ ఇస్తన్నాడనుకున్నా

పటమట_పద్మజ
నేనూ అంతే 😀

సత్తెనపల్లి_రైతుబిడ్డ
అందరూ కూరగాయలు తగ్గాయి పప్పు తగ్గింది అని సంబరపడతన్నారు, తగ్గిందంటే ఎవడికి తగ్గింది? పండించినోడికి. 2023 జూలైలో టమాటా కిలో 150 దాటితే రాష్ట్ర ప్రభుత్వం ఉరుకుల పరుగుల మీద కొని రైతుబజార్లలో 50కి అమ్మించింది, కేంద్రం ఢిల్లీలో వ్యాన్లు పెట్టింది. అదే నెల్లో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు, ఏడాది పైన ఆపి 2024 సెప్టెంబర్ ఆఖర్లో వదిలారు. ఉల్లికి ముందు 40 శాతం ఎగుమతి సుంకం, డిసెంబర్లో పూర్తిగా బ్యాన్. అంటే రేటొచ్చే టైముకి గేటేస్తారు. మరి రేటు పడినప్పుడు? మన గుంటూరు యార్డులో 2023లో మిర్చి క్వింటా 20 వేల పైన చూశాం, ఈ ఏడాది మొదట్లో సగానికి పడింది. రైతులు రోడ్డెక్కాక ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రేటు కట్టింది, అది కూడా పండినదాంట్లో నాలుగో వంతుకే లెక్క. కర్నూలు ఉల్లి క్వింటా 1200కి కొంటామన్నారు, అంటే కిలో పన్నెండు రూపాయలు. మీ 0.25 శాతం మా ఇంట్లోంచి తీసిందే.

ఈఎంఐ_వీరుడు
బ్రో సెంటిమెంట్ ఓకే కానీ టమాటా 150 అయినప్పుడు ఆ డబ్బు రైతుకి వచ్చిందా, మధ్యలోవాళ్ళకా?

సత్తెనపల్లి_రైతుబిడ్డ
మదనపల్లిలో కొంతమందికి వచ్చింది, కాదన్ను. ఒక్క సీజన్ వచ్చింది, అంతకు ముందు ఎన్ని సీజన్లు రోడ్డు మీద పారబోశారో పేపర్లో ఫోటోలు మీరూ చూసే ఉంటారు.

వన్‌టౌన్_కిరాణా
రైతుబిడ్డ చెప్పింది నూనెలో ఇంకా బాగా కనబడుద్ది. 2024 సెప్టెంబర్ 14న కేంద్రం ముడి వంటనూనె మీద దిగుమతి సుంకం 5.5 నుంచి 27.5 శాతం చేసింది, రిఫైన్డ్ మీద 13.75 నుంచి 35.75. సోయా, పామాయిల్ వేసే రైతులకి రేటు రావాలని. దసరా ముందు పామాయిల్ ప్యాకెట్ ఒక్కసారిగా ఎగిరింది, కొట్లో నన్ను తిట్టారు జనం. అక్టోబర్లో రాష్ట్రం వాళ్ళు హోల్‌సేలర్లని పిలిచి రేషన్ కార్డు చూపిస్తే పామోలిన్ 110, సన్‌ఫ్లవర్ 124 కి ఇప్పించారు, అది ఆ నెలాఖరు దాకానే. మళ్ళీ 2025 మే ఆఖర్లో ముడి నూనె సుంకం 16.5 కి దించారు. ఒకళ్ళు పెంచుతారు, ఇంకొకళ్ళు తగ్గించి ఇప్పిస్తారు, మధ్యలో పాత రేటు సరుకు నా గోడౌన్లో.

లెక్కల_మాస్టారు
మనం తినే వంటనూనెలో సగానికి పైగా బయట దేశాల నుంచే వస్తుంది కాబట్టి అక్కడ సుంకం ఒక్కటే పగ్గం. ఏలూరు వైపు పామాయిల్ రైతుకి ఆ సుంకం వల్లే గెలల రేటు పెరిగింది. మీకు నష్టం, వాళ్ళకి ఊపిరి. రైతుకీ కొనేవాడికీ ఒకేసారి మేలు చేసే సుంకం లేదు. ప్రభుత్వం ఎవర్నో ఒకర్ని ఎంచుకోవాలి, ఎన్నికలు దగ్గరుంటే పట్నం వాణ్ణి ఎంచుకుంటుంది.

బెజవాడ_బుల్లెట్
ఇదంతా ఈ గవర్నమెంట్ వల్లే, పాత గవర్నమెంట్లో ఇంటికే బండి వచ్చి బియ్యం ఇచ్చేది, ఇప్పుడు మళ్ళీ లైన్లో నిలబడాలి

గుంటూరు_కారం_కాదు
ఇంటికి కాదు వీధి చివరికి. వచ్చే టైము ఎవడికీ తెలీదు, కూలికెళ్ళినోడు పని మానుకుని కూర్చోవాలి. జూన్ నుంచి షాపు 1 నుంచి 15 దాకా పొద్దున సాయంత్రం తీస్తన్నారు, 65 దాటినోళ్ళకి ఇంటికే ఇస్తన్నారు. ఇది నయం.

బెజవాడ_బుల్లెట్
నీకు నయం అనిపిస్తది లే, ఎవరి మనిషివో తెలుస్తానే ఉంది

మోడరేటర్
ఇద్దరూ ఆపండి. బండీ షాపూ గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ నాలుగు వందల పోస్టులున్నాయి, తీరలేదు, ఇక్కడా తీరదు.

పటమట_పద్మజ
బస్సు మాట చెప్పలేదు ఎవరూ. ఆగస్టు 15 నుంచి నాకు నిజంగా మిగులుతోంది. ఆఫీసుకి సిటీ బస్సే, అమ్మని చూడ్డానికి గుంటూరు వారం వారం వెళ్తా. ఆధార్ చూపిస్తే జీరో టికెట్. కాకపోతే పల్లెవెలుగో ఎక్స్‌ప్రెస్సో చూసుకుని ఎక్కాలి, నాన్‌స్టాప్ ఎక్కితే డబ్బులే. ఆదివారం సాయంత్రం ఎక్స్‌ప్రెస్‌లో నిలబడ్డానికి చోటు దొరికితే అదృష్టం. నెలకి పదిహేను వందల పైనే మిగులుతోంది, ఆ డబ్బు పాప డ్యాన్స్ క్లాసుకి పోతోంది. డ్యాన్స్ మేడమ్ కూడా రేటు పెంచింది మరి.

కృష్ణలంక_కుర్రోడు
మా బాబాయి ఆటో. ఆగస్టు తర్వాత బేరాలు బాగా పడిపోయినయ్. అక్టోబర్లో ఆటోవాళ్ళకి 15 వేలు వేశారు, అది వచ్చింది. ఏడాదికి ఒకసారి వచ్చే 15 వేలు, రోజూ పోయే బేరం, మీరే లెక్కేసుకోండి. పెట్రోలు మన దగ్గర 110 దగ్గర్లో ఉంది, అసలు దేశంలోనే పైన ఉండే రాష్ట్రాల్లో మనమొకళ్ళం.

లెక్కల_మాస్టారు
పెట్రోలు మీద కేంద్రం 2021 నవంబర్లో 5 రూపాయలు, 2022 మేలో 8 రూపాయలు ఎక్సైజ్ తగ్గించింది. 2024 మార్చిలో ఎన్నికల ముందు కంపెనీలు 2 తగ్గించాయి. మన రాష్ట్రం 31 శాతం వ్యాట్, పైన లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు అలాగే ఉంచింది. అప్పుడున్న ప్రభుత్వమూ తీయలేదు, ఇప్పుడున్నదీ తీయలేదు. ఇది పార్టీ మాట కాదు కాబట్టి మోడరేటర్ గారు క్షమించాలి.

మోడరేటర్
రెండు పార్టీల్నీ అంటే క్షమిస్తాం

ఈఎంఐ_వీరుడు
నా బాధ వేరే. కూరగాయలు పెరిగితే రిజర్వ్ బ్యాంకు నా లోను వడ్డీ పెంచుద్ది, ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 4 నుంచి 6.5 చేశారు. నేను మంగళగిరిలో ఫ్లాట్ తీసుకుంది సరిగ్గా దానికి ముందు. బ్యాంకోడు ఈఎంఐ పెంచలా, చక్కగా ఏళ్ళు పెంచేశాడు, నేను రిటైరయ్యాక కూడా కట్టేట్టు. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రెపో ఒక శాతం తగ్గి 5.5 అయ్యింది. పెరిగినప్పుడు మర్నాడే మెసేజ్ వచ్చింది, తగ్గినప్పుడు ఏ మెసేజూ లేదు.

గుంటూరు_కారం_కాదు
నీది ఎంసీఎల్ఆర్ (బ్యాంకు తన ఖర్చు చూసి తనే కట్టే రేటు) లోనా, రెపోకి లింకు అయినదా? 2019 అక్టోబర్ తర్వాత బ్యాంకుల్లో తీసుకున్న ఇంటి లోన్లు బయటి రేటుకి కట్టి ఉండాలి, మూడు నెల్లకోసారన్నా మార్చాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ దగ్గరైతే ఆ రూలు లేదు, వాళ్ళిష్టం.

ఈఎంఐ_వీరుడు
ఫైనాన్స్ కంపెనీయే బాబాయ్, బ్యాంకోడు బ్యాంకోడు అని అలవాటులో అంటన్నా. బ్యాంకు ఇవ్వనంది, సైటు కాగితాలు ఏవో సరిపోలేదని.

గుంటూరు_కారం_కాదు
అయితే రెండు దార్లు. వాళ్ళనే కొత్త కస్టమర్‌కి ఇచ్చే రేటు అడుగు, కన్వర్షన్ ఫీజు కొంచెం కట్టించుకుని ఇస్తారు, అడగనోడికి ఇవ్వరు. లేదా బ్యాంకుకి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది, వడ్డీ మారినప్పుడు ఈఎంఐ మార్చాలా, కాలం మార్చాలా అని అప్పు తీసుకున్నోణ్ణి అడగాలని. అది ప్రింటు తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టు, మాట తీరు మారుద్ది.

లెక్కల_మాస్టారు
వీరుడు గారి మొదటి ప్రశ్న మంచిది. వడ్డీ పెంచితే టమాటా కాయదు, నిజమే. చట్టం ప్రకారం రిజర్వ్ బ్యాంకు ధరల పెరుగుదలని 4 శాతం దగ్గర ఉంచాలి, 2 తక్కువైనా 2 ఎక్కువైనా ఓర్చుకుంటారు. వరసగా మూడు త్రైమాసికాలు 6 దాటితే ఎందుకు దాటిందో ప్రభుత్వానికి ఉత్తరం రాయాలి, 2022లో మొదటిసారి రాయాల్సి వచ్చింది. వాళ్ళ చేతిలో ఉన్న ముఖ్యమైన పనిముట్టు వడ్డీయే. పాలవాడు, మేస్త్రీ, ఓనరు అందరూ రేపు ఎలాగూ పెరుగుతుందని ఈరోజే రేటు పెంచేస్తారు చూడండి, ఆ గుణాన్ని అణచడానికి వడ్డీ పెంచుతారు.

బ్రాడీపేట_బాబ్జీ
మా ఓనరుకి ఆ సంగతి ఎవరన్నా చెప్పండి మాస్టారూ, రెపో తగ్గిందని అద్దె తగ్గించమంటే ఇల్లు ఖాళీ చేయమన్నాడు 😭

తాడేపల్లి_టెనెంట్
మా వైపు రండి చూద్దురు. మే 2న అమరావతి పనులు మళ్ళీ మొదలెట్టిన దగ్గర్నుంచి తాడేపల్లి మంగళగిరిలో ఓనర్ల చేతికి చిక్కట్లా. ఇంజనీర్లు, కాంట్రాక్టు కంపెనీల స్టాఫ్ వచ్చి అడిగినంత ఇస్తన్నారు, వాళ్ళకి కంపెనీ కట్టుద్ది. మనం జేబులోంచి కట్టాలి. అద్దెకి ఏ ప్రభుత్వమూ కౌంటర్ పెట్టదు గదా, రైతుబజార్లో టూ బీహెచ్‌కే 160కి ఇవ్వరు.

పటమట_పద్మజ
టూ బీహెచ్‌కే కార్డుకి ఒకటి 😂 స్టాక్ ఉన్నంతవరకే

లెక్కల_మాస్టారు
2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం చేసి రాష్ట్రాలకి పంపింది, ఇంటికైతే రెండు నెలలకి మించి అడ్వాన్సు వద్దని అందులో ఉంది. అద్దె ఇంతే ఉండాలని మాత్రం లేదు. నమూనా కాబట్టి ఏ రాష్ట్రం ఇష్టం దానిది.

గుంటూరు_కారం_కాదు
ఫీజుల సంగతి కూడా అట్టాగే అయ్యింది. 2021 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం 53, 54 నంబరు జీవోలిచ్చింది, ప్రైవేటు స్కూళ్ళు కాలేజీలు ఇంతే తీసుకోవాలని పంచాయతీకి ఒక రేటు, మున్సిపాలిటీకి ఒకటి, కార్పొరేషన్‌కి ఒకటి. యాజమాన్యాలు కోర్టుకెళ్ళినయ్, డిసెంబర్లో హైకోర్టు కొట్టేసింది. ఒక్కో స్కూలు ఖర్చు చూడకుండా గంపగుత్తగా రేటు కడితే కోర్టులో నిలబడదు. ఫీజులు చూసే పాఠశాల విద్యా కమిషన్ ఇప్పటికీ ఉంది, కానీ మీలో ఎవరన్నా కమిషన్‌కి ఫిర్యాదు చేసి ఫీజు తగ్గించుకున్నారా?

బ్రాడీపేట_బాబ్జీ
పిల్లోడు అక్కడే చదవాలి గదండీ, ఫిర్యాదు ఎట్టా చేస్తాం. పిల్లల చదువుకని తల్లులకిచ్చే తల్లికి వందనం 13 వేలు జూన్‌లో పడింది, కాదన్ను. మేం ఏమీ చెప్పకముందే స్కూలోళ్ళు అడిగారు, డబ్బులు పడినయ్యా అని.

సత్తెనపల్లి_రైతుబిడ్డ
అదీ అసలు మాట. మీకు ఫ్రీగా వచ్చింది వచ్చినట్టు ఎవరో ఒకరు లెక్కగట్టి పట్టుకుపోతన్నారు.

పటమట_పద్మజ
అందరూ అలా కాదులెండి. మా పనమ్మాయికి ఇద్దరు పిల్లలు, ఇద్దరూ మున్సిపల్ స్కూల్లో. ఇద్దరి డబ్బూ పడింది, చీటీ అప్పు తీర్చేసింది. రేషన్ బియ్యం, అత్తగారికి 4000 పెన్షన్, బస్సు, గ్యాస్, అన్నీ ఆ ఇంటికి నిజంగా పనికొస్తున్నాయి. ధరలు పెరిగితే ముందు కుదేలయ్యేది వాళ్ళే. మనకి ఏమీ మిగలడం లేదని వాళ్ళకి పెట్టినది దండగ అంటే నేను ఒప్పుకోను.

బ్రాడీపేట_బాబ్జీ
దండగ అనలేదండీ నేను. వాళ్ళకి బియ్యం ఉంది, పైవాళ్ళకి ట్యాక్స్ తగ్గింది. నా జీతం పాత పన్నులోనూ పెద్దగా పడేది కాదు, 12 లక్షలు నాకు సినిమా అంకె. మధ్యలోవాడికి ఏం తగ్గించారు అనేదే నా ప్రశ్న.

వన్‌టౌన్_కిరాణా
హెల్త్ ఇన్సూరెన్స్ మీద 18 శాతం పూర్తిగా తీసేశారు, అది మధ్యలోవాడికేగా

బ్రాడీపేట_బాబ్జీ
తీసేశారు. రెన్యూవల్ వచ్చింది, నాన్న వయసు స్లాబ్ మారిందని అసలు ప్రీమియమే పెంచారు. కట్టేది పోయినేటి కన్నా ఎక్కువే.

ఈఎంఐ_వీరుడు
కరెంటు బిల్లు మర్చిపోయారు అందరూ. నవంబర్ నుంచి యూనిట్‌కి 13 పైసలు ట్రూడౌన్ అంట, అంటే ముందు ఎక్కువ వసూలు చేసింది బిల్లులో తగ్గించడం. 200 యూనిట్లకి 26 రూపాయలు. టీ తాగొచ్చు ఇద్దరం.

గుంటూరు_కారం_కాదు
నవ్వుకో, కానీ కరెంటు బిల్లులో తగ్గించే లైను చూడ్డం మొదటిసారి. పోయినేడు డిసెంబర్ నుంచి 2022-23 నాటి ఆరు వేల కోట్ల సర్దుబాటు, జనవరి నుంచి 2023-24 ది తొమ్మిది వేల కోట్ల పైన, రెండూ మన నెత్తినే పడినయ్. ఎప్పుడో కాల్చిన బొగ్గుకి ఇప్పుడు కట్టాం, అప్పుడు ఆ ఇంట్లో అద్దెకున్నోడు వేరే.

తాడేపల్లి_టెనెంట్
అదే జరిగింది నాకు, ముందున్నవాళ్ళ సర్దుబాటు నా బిల్లులో. సోలార్ పెట్టుకోమంటారు, 3 కిలోవాట్లకి కేంద్రం 78 వేలు సబ్సిడీ, డాబా మాత్రం ఓనరుది.

సత్తెనపల్లి_రైతుబిడ్డ
మా ఊరు వచ్చి ఉండండి అద్దె తక్కువ, మిర్చి ఫ్రీగా ఇస్తా

కృష్ణలంక_కుర్రోడు
ఆ రేటుకి మిర్చి ఫ్రీ అనక్కర్లేదు అన్నా ఆల్‌రెడీ ఫ్రీయేగా. సారీ సారీ

సత్తెనపల్లి_రైతుబిడ్డ
కుళ్ళు జోకు. కానీ నిజం.

కృష్ణలంక_కుర్రోడు
అన్నట్టు దీపం పథకం ఫ్రీ గ్యాస్ గురించి ఎవరికన్నా తెలుసా, అమ్మ పేరు మీద కార్డు ఉంది, మొన్న ఏప్రిల్ తర్వాత ఒక సిలిండర్ డబ్బులు తిరిగి పడ్డాయి, ఆగస్టులో బుక్ చేసింది మాత్రం పడలా. డెలివరీ బాయ్‌కి మొత్తం కట్టేశాం.

పటమట_పద్మజ
కట్టిన 48 గంటల్లో పడాలి. మాకూ ఇలాగే అయింది, ఏజెన్సీ చుట్టూ తిరగొద్దు. ఆధార్‌కి ఏ బ్యాంకు అకౌంట్ లింకు అయ్యి ఉందో దాంట్లోనే పడుతుంది, మీరు ఇచ్చిన అకౌంట్‌లో కాదు. అమ్మగారికి రెండు మూడు అకౌంట్లుంటే పాత పొదుపు సంఘం అకౌంట్లో పడి ఉంటుంది చూడండి.

గుంటూరు_కారం_కాదు
ఈకేవైసీ కూడా అయ్యిందో లేదో కనుక్కో. ఇంకోటి, నాలుగు నెలలకి ఒక సిలిండరే, ఆగస్టు నుంచి నవంబర్ ఒక విడత. ఆగస్టుది అందులో లెక్కకొచ్చేసి ఉంటే ఇప్పుడు బుక్ చేసినా ఫ్రీ కాదు, డిసెంబర్ ఒకటి దాకా ఆగు. లెక్కకి రాలేదంటే మాత్రం ఈ నెలాఖరులోపే బుక్ చెయ్, దాటితే ఆ విడత పోయినట్టే.

కృష్ణలంక_కుర్రోడు
పొదుపు సంఘం అకౌంట్ పాస్‌బుక్ ఏ బీరువాలో ఉందో అమ్మకే తెలీదు, రేపు బ్యాంకుకి తీసుకెళ్తా